మూడో పిడికిలి

రెండువేల నాలుగు ఎండాకాలంలో జనం నాయకులకు ఓట్లు వేశారు, నాయకులు నాకు కోట్లు వేశారు. ఆదాయప్పన్ను వాళ్ళు కంగారు పడక్కర్లేదు, నేను చెప్పేది గోడకు కొట్టే కోట్ల సంగతి. తెనాలి బోసు రోడ్డులో నాది రంగుల కొట్టు. ఆ మార్చి, ఏప్రిల్ నెలల్లో ఖాళీ గోడ కనిపిస్తే చాలు, ఒక పార్టీ వాళ్ళు వచ్చి తెల్లకోటు కొట్టి గుర్తు వేసుకునేవారు. మర్నాడు రెండో పార్టీ వాళ్ళు దాని మీద ఇంకో కోటు కొట్టి తమ గుర్తు వేసుకునేవారు. గోడరాతలు చెరిపేయమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. చెరపడానికి కొట్టిన కోటూ నా డబ్బాలోదే.

ఫలితాలు రాకముందే నేను గెలిచాను. టార్గెట్ దాటిన డీలర్లను మే నెలలో అయిదు రోజులు సింగపూర్ తిప్పుతామని రంగుల కంపెనీ ఉత్తరం రాసింది. దాన్ని నేను కౌంటరు దగ్గర నిలబడి పైకే చదివాను. వెంకట్రామయ్య గుసగుసలాడితే చెంచుపేటలో వినపడుతుందని మా ఆవిడ తులసి అంటుంది. బజారంతా విన్నది.

పక్క కొట్టు నన్నే సాహెబు గారిది. పరుపులు, దిళ్ళు కుడతారు. రోజూ పొద్దున రేపల్లె నుంచి రైల్లో వచ్చి సాయంత్రం రైలుకు పోతారు. "ఆయన పరుపు కుడతారు, నేను పరువు తీస్తాను" అని వచ్చేపోయే వాళ్ళకు మమ్మల్ని పరిచయం చేయడం నాకు ఇరవై ఏళ్ళ అలవాటు. ఇరవై ఏళ్ళుగా ఆయన దానికి ఒకే చిరునవ్వు నవ్వేవారు. ఆ రోజు నవ్వలేదు. సూదిని దిండులో గుచ్చి, లేచి వచ్చి నా కౌంటరు ముందు నిలబడ్డారు.

"ఏ ఊరన్నారు వెంకట్రామయ్య గారూ?"

"సింగపూరండి."

"మా నాన్న అక్కడే ఉన్నాడు."

ఆయనకప్పుడు అరవై రెండేళ్ళు. ఆ వయసు మనిషికి తండ్రి, అదీ సింగపూర్లో. "ఏ కంపెనీలోనండి?" అన్నాను.

"పటాలంలో" అన్నారాయన.

నేను నా కుర్చీ ఆయనకిచ్చి డబ్బా మీద కూర్చున్నాను.

షేక్ మీరావలి రేపల్లె తెనాలి మధ్య బస్సు తోలేవాడట. యుద్ధానికి డ్రైవర్లు కావాలంటే సైన్యంలో చేరి, నలభై ఒకటి చివర్లో ఓడ ఎక్కాడు. అప్పటికి నన్నే సాహెబు గారు తల్లి కడుపులో ఉన్నారు. సింగపూర్ జపాన్ వాళ్ళ చేతికి పోయిన తర్వాత, మనిషి కనపడటం లేదని ఇంటికి కబురు వచ్చింది. చనిపోయి ఉండవచ్చని ఇంకొన్నేళ్ళకు ఒక కాగితం వచ్చింది.

"ఇప్పటికీ ఏ ఫారం నింపినా తండ్రి పేరు దగ్గర నా చెయ్యి ఆగిపోతుందండీ. లేట్ అని రాయాలా వద్దా? అమ్మ రాయనివ్వదు. మట్టి వేసినవాణ్ణి తీసుకురా, అప్పుడు రాయి, అంటుంది."

లేటు మీద నా దగ్గర రైళ్ళ జోకులు డజను ఉన్నాయి. మింగేశాను.

ఆయన చిన్న కూతురు నగ్మా అప్పట్లో కంప్యూటర్ కోర్సు చేస్తోంది. నెట్ సెంటరులో కూర్చుని, యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లు వెతికి, తాత పేరున్న కాగితం ఒకటి తీసుకొచ్చింది. పేరు, డ్రైవరు అనే హోదా, క్రాంజి అనే చోట ఉన్న సైనికుల శ్మశానవాటిక, ఒక నంబరు. నంబరుందంటే సమాధి ఉన్నట్టే అని మా కొట్టు ముందు నిలబడి మేమంతా తీర్మానించేశాం. సినిమా హాల్లో సీటుకే నంబరుంటే మనిషి కూర్చుని ఉంటాడు కదా అని ఆ తీర్మానాన్ని బలపరిచింది నేనే.

ఆ ఆదివారం ఆయన తల్లిని చూడటానికి రేపల్లె వెళ్ళాను.

నాగూర్‌బీ అమ్మకు ఎనభై ఏళ్ళు. పెంకుటింటి పంచలో నులకమంచం మీద కూర్చుని ఉంది. మెడలో నల్లపూసలు. చేతికి గాజులు.

"బజారంతా వినపడేలా మాట్లాడతాడని మావాడు చెప్పింది నువ్వేనా?"

"నేనేనమ్మా."

"నాకు చెవుడు. నీ మాట మాత్రం సుబ్బరంగా వినపడుతోంది. కూర్చో."

నగ్మా టీ తెచ్చింది. అమ్మ చెప్పింది. "మాలో మనిషి పోతే వచ్చినవాళ్ళందరూ మూడేసి పిడికిళ్ళ మట్టి వేస్తారు నాయనా. దారినపోయేవాడు కూడా ఆగి, వేసి పోతాడు. ఈయనకు ఎవరు వేశారు? ఒక్కడు వచ్చి నేను వేశానని చెప్పలేదు. మట్టి పడని మనిషికి నేను ఇద్దత్ ఎట్లా కూర్చునేది?"

ఇద్దత్ అంటే భర్త పోయిన ఆడవాళ్ళు నాలుగు నెలల పది రోజులు గడప దాటకుండా ఇంటిపట్టున ఉండటం. అది ఈవిడ కూర్చోలేదు. పూసలు తీయలేదు. తెనాలి రావాలంటే రైలే. రేపల్లె తెనాలి బస్సు అరవై ఏళ్ళుగా ఎక్కలేదు.

"ఆ సీట్లో ఇంకొకణ్ణి చూడలేనంటుందండీ" అన్నారు నన్నే సాహెబు గారు మెల్లగా.

పెరట్లో గోరింట చెట్టు మొదట్లో అమ్మే గునపంతో మట్టి పెళ్ళగించింది. నల్లటి మట్టి. నన్నే సాహెబు గారు కూర్చుని మూడు పిడికిళ్ళు తీసి ప్లాస్టిక్ కవర్లో వేశారు. ఒక్కో పిడికిలికి ఆవిడ ఒక్కో వేలు ముడిచింది.

"నేను మీవాణ్ణి కాదు కదమ్మా. నేను వేస్తే చెల్లుతుందా?"

"మట్టి మాది. పిడికిలి నా కొడుకుది. చెయ్యి మాత్రమే నీది. వచ్చి, పడిందని నాకొక మాట చెప్పు. అంతే."

ఇంతవరకూ అంతా సజావుగా నడిచింది. తర్వాత నా తెలివి పనిచేసింది.

కంపెనీ వాళ్ళు పంపిన సూచనల కాగితంలో మొక్కలు, విత్తనాలు, మట్టి ఆ దేశంలోకి తీసుకురాకూడదని ఉంది. తులసి నా పెట్టెలో వరసగా పొట్లాలు సర్దుతోంది. కందిపొడి, కరివేపాకు పొడి, మినప సున్నుండలు. నేను నాగూర్‌బీ అమ్మ కవరును ఇంకో కవర్లో పెట్టి, పైన స్కెచ్ పెన్నుతో "నల్లకారం" అని రాసి, ఆ వరసలో కూర్చోబెట్టాను. దొడ్డక్షరాలతో, కింద గీత కూడా గీసి. రహస్యం దాచడం నాకు చేతకాదు గనక ఎవ్వరికీ చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాను. జన్మలో నేను నిలబెట్టుకున్న ఒట్టు అదొక్కటే.

మద్రాసు రైలు బాపట్లలో ఆగినప్పుడు పూర్ణచంద్రరావు ఎక్కాడు. బాపట్లలో అదే కంపెనీ డీలరు. మాకు చుట్టరికం లేదు, అయినా బావా అంటే బావా అనుకుంటాం. చంకలో అట్టపెట్టె ఉంది.

"ఏంటి బావా అది?"

"కరెంటు కుక్కరు. ఆ దేశంలో మూడు పూటలా నూడుల్సే పెడతారట. అయిదు కిలోల బియ్యం తెచ్చాను. పొడులు నువ్వు తెచ్చావు కదా?"

"తెచ్చాను."

"నల్లకారం?"

"ఉంది" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. లేదనడానికి నాకు అలవాటు లేదు.

సింగపూర్లో మొదటి రెండు రోజులూ మమ్మల్ని షాపుల్లో తిప్పారు, పక్షుల తోటలో తిప్పారు. మూడో రోజు మధ్యాహ్నం హోటలు గదికి వచ్చి నేను స్నానానికి వెళ్ళాను. బయట కుక్కరు మూత గలగలలాడుతోంది. కాసేపటికి పూర్ణచంద్రరావు తలుపు బయట నిలబడి అరిచాడు.

"బావా, మా చెల్లెమ్మ నల్లకారంలో ఉప్పుంది గానీ కారం లేదు. వెల్లుల్లి కూడా వేసినట్టు లేదు."

నేను ఒంటి మీద సబ్బుతోనే తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చాను. ప్లేటులో వేడన్నం, నెయ్యి, అన్నమంతా నల్లగా. రెండు ముద్దలు లోపలికి పోయాయి. మూడో ముద్ద చేతిలో ఉంది.

"కరకరలాడుతోంది కూడా" అన్నాడు.

"అది కారం కాదు బావా."

"మరేంటి?"

చెప్పాను. మొత్తం చెప్పాను. అమ్మ, పూసలు, బస్సు, మూడు పిడికిళ్ళు. అతను ముద్దను ప్లేటులో పెట్టి, ప్లేటును మంచం మీద పెట్టి, బాత్రూంలోకి పోయి చాలాసేపు నోరు కడుక్కున్నాడు. మట్టి కరవడం, నోట్లో మట్టి కొట్టడం, మట్టిబుర్ర. మన భాష నాకు ఆ పూట విస్తరి నిండా వడ్డించింది. ఒక్కటీ ముట్టుకోలేకపోయాను. నేను రాసిన చమత్కారం ఆ కవరు మీద గీతతో సహా కనపడుతోంది.

పూర్ణచంద్రరావు తుడుచుకుంటూ వచ్చాడు. "ఎంత మిగిలింది?"

చూశాం. మూడింట ఒక వంతు అన్నంలో కలిసిపోయింది.

"ఆ పెద్దావిడకు ఏం చెబుతావు?"

"తెలీదు."

"రేపు దీవికి తీసుకెళ్తామన్నారు కదా. నేను పోను. నీతో వస్తాను."

మర్నాడు పొద్దున టాక్సీలో వెళ్ళాం. ఊరికి ఆ చివర, చిన్న గుట్ట. గుట్టంతా కత్తిరించిన పచ్చగడ్డి. గడ్డిలో తెల్లరాళ్ళు, వరి నాటినట్టు వరసలు. మా షేడ్ కార్డులో తెలుపులు పద్నాలుగు రకాలున్నాయి. ఈ తెలుపు అందులో లేదు. పూర్ణచంద్రరావు చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు. నేనూ విప్పాను.

నగ్మా ఇచ్చిన నంబరు పట్టుకుని వరసలు లెక్కపెట్టుకుంటూ రెండుసార్లు తిరిగాం. దొరకలేదు. గడ్డి కోస్తున్న తోటమాలి మిషను ఆపి వచ్చాడు. పెద్దవయసు, నెత్తి మీద నారటోపీ. మలయావాడు. కాగితం చూసి, నేలను కాదు, గుట్ట పైన నిలబడి ఉన్న పెద్దపెద్ద గోడస్తంభాలను చూపించాడు.

దగ్గరికి వెళ్ళాక అర్థమైంది. అడుగు నుంచి పైదాకా పేర్లు. ఒక్కో స్తంభానికి ఎన్ని వందలో. ఆ నంబరు స్తంభానిది. మెడ నొప్పి పుట్టేదాకా చదివితే, మా తల కన్నా జానెడు ఎత్తులో ఇంగ్లీషు అక్షరాల్లో మీరావలి కనిపించాడు. పక్కన డ్రైవరు అని ఉంది.

ఎన్నికలప్పుడు నేను ఎన్ని గోడల మీద ఎన్ని పేర్లకు రంగు అమ్మానో. వాటి మీద ఇంకో కోటు కొట్టొచ్చు. ఇది చెక్కిన పేరు. పూర్ణచంద్రరావు చెయ్యెత్తి వేలితో తడిమాడు.

"సమాధి ఎక్కడ?" అని నేను నా ఇంగ్లీషులో అడిగాను. తోటమాలి తన ఇంగ్లీషులో చెప్పాడు. మా ఇద్దరి ఇంగ్లీషూ కలిస్తే ఒకటైంది. శవం దొరకనివాళ్ళ పేర్లు, దొరికినా ఎవరిదో తెలియనివాళ్ళ పేర్లు ఇక్కడ రాశారు. అతను కిందికి, తెల్లరాళ్ళ వైపు చెయ్యి చూపి, కొన్నిటి మీద పేరుండదన్నాడు.

"అంటే ఇక్కడ పేరుంది, మనిషి లేడు" అన్నాడు పూర్ణచంద్రరావు. "అక్కడ మనిషి ఉన్నాడు, పేరు లేదు."

నేను అనాల్సిన మాట అతనన్నాడు.

తోటమాలి అడిగాడు, పోయినాయన ముస్లిమా అని. అవునన్నాను. మమ్మల్ని గుట్ట మీంచి కిందికి తీసుకెళ్ళి ఒక రాయి దగ్గర ఆపాడు. రాయి మీద అరబ్బీ అక్షరాలు చెక్కి ఉన్నాయి. భారత సైన్యంలో సిపాయి అని ఉంది. పేరు లేదు.

"ఈయనే అని ఎట్లా తెలుసు బావా?"

"కాదని ఎట్లా తెలుసు?"

మోకాళ్ళ మీద కూర్చుని కవరు విప్పాను. ఒక పిడికిలి. రెండో పిడికిలి. కవరు దులిపాను. తోటమాలి మూడు వేళ్ళు చూపించి, ఇంకొకటి ఏదని కళ్ళతోనే అడిగాడు. నేను ఖాళీ కవరు చూపించాను. పూర్ణచంద్రరావు అటు తిరిగి నిలబడ్డాడు. తోటమాలి టోపీ సర్దుకుని, అరచేతులు రెండూ పైకి చాచి, పెదవులతో చదువుకున్నాడు. మేము నిలబడ్డాం. గుట్ట కింద రోడ్డు మీద లారీలు పోతున్నాయి.

వచ్చేముందు అతన్ని అడిగి, ఆ రాతి పక్క నుంచి గుప్పెడు మట్టి అదే కవర్లో వేసుకున్నాను. టాక్సీలో సమాధికీ సమాధానానికీ ముడిపెట్టి ఏదో మాట నాలిక చివరిదాకా వచ్చింది. వెనక్కి పోయింది.

మే నెలాఖరులో రేపల్లె వెళ్ళాను. బాపట్ల నుంచి పూర్ణచంద్రరావు కూడా బస్సులో దిగాడు. రావద్దన్నాను. "తిన్నది నేను, చెప్పేది నువ్వా?" అన్నాడు.

నాగూర్‌బీ అమ్మ అదే పంచలో, అదే మంచం మీద ఉంది. ఈసారి కడిగిన చీర కట్టుకుంది. పక్కన నన్నే సాహెబు గారు, వెనక నగ్మా.

"పడిందా?" అంది.

దారి పొడుగునా నేనొక అబద్ధం కుట్టుకుంటూ వచ్చాను. సమాధి ఉంది, మూడు పిడికిళ్ళూ పడ్డాయి. నాలుగు మాటలు, అంతే. ఆవిడ నా మొహంకేసి చూస్తోంది. నిజమే చెప్పడం మొదలుపెట్టాను, నాకే వినపడనంత చిన్న గొంతుతో.

"ఏంటి?" అంది అమ్మ, చెవి వెనక చెయ్యి పెట్టుకుని. "ఎప్పుడూ లేనిది ఇవాళ గుసగుసలేంటి? గట్టిగా చెప్పు."

గట్టిగా చెప్పాను. గోడ మీద పేరుందని అరిచాను. సమాధి దొరకలేదని అరిచాను. పేరు లేని సిపాయి మీద వేశామని అరిచాను. ఎదురింటి వాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు.

"ఎన్ని పిడికిళ్ళు?"

"రెండు."

అమ్మ వేళ్ళకేసి చూసుకుంది. "నేను మూడు ఇచ్చాను."

పూర్ణచంద్రరావు ముందుకొచ్చాడు. "మూడోది నేను తిన్నానమ్మా."

"ఏంటంటున్నాడు?"

"తిన్నాడమ్మా" అని అరిచాను. "నల్లకారమనుకుని. అన్నంలో కలుపుకుని. కవరు మీద అట్లా రాసింది నేను."

వీధిలో ఎవరో కిసుక్కుమన్నారు. నన్నే సాహెబు గారు తల దించుకున్నారు. అమ్మ పూర్ణచంద్రరావును పైనుంచి కిందిదాకా చూసింది.

"నెయ్యి వేసుకున్నావా?" అంది చివరికి.

"వేసుకున్నానమ్మా."

"ఎట్లా ఉంది?"

"ఉప్పగా ఉంది."

ఆవిడ భుజాలు కదిలాయి. నవ్వుతోందో ఏడుస్తోందో ముందు తెలియలేదు. తర్వాత నవ్వేనని తెలిసింది. "ఉప్పు నేలే. పెళ్ళైన కొత్తలో మా బావి నీళ్ళు తాగి ఆయన అట్లాగే మొహం పెట్టాడు." కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "మాలో ఆడవాళ్ళు మట్టి వేయడానికి రారు నాయనా. ఆ మూడోది నాది. అందుకే అక్కడిదాకా పోలేదు."

నేను కవరు తీసి ఇచ్చాను, అక్కడి మట్టని చెప్పి. లేచింది. నగ్మా చెయ్యి పట్టుకోబోతే వద్దంది. గోరింట చెట్టు దగ్గర కూర్చుని, మొన్న పెళ్ళగించిన గుంటలో ఆ గుప్పెడు మట్టీ పోసింది. పక్కన తన పెరటి మట్టి ఒక పిడికిలి తీసింది. చిన్న పిడికిలి. దాని మీద వేసి, అరచేత్తో చదును చేసింది.

తర్వాత వచ్చి మంచం మీద కూర్చుని, మెడ వెనక్కి చెయ్యి పెట్టి, "ఈ కొక్కెం విప్పు" అంది నగ్మాతో. ఆ పిల్ల కాసేపు ప్రయత్నించింది. కొక్కెం బిగుసుకుపోయింది. నన్నే సాహెబు గారు లాల్చీ జేబులోంచి దారం కత్తిరించే కత్తెర తీశారు. పరుపుల కత్తెర. ఒక్క చప్పుడు. పూసలు ఆవిడ ఒళ్ళో పడ్డాయి.

పూర్ణచంద్రరావు, నేను బస్టాండు దాకా మాట్లాడుకోకుండా నడిచాం. నేను మాట్లాడకుండా నడిచిన దూరం అదే రికార్డు.

అరవై ఏళ్ళ తర్వాత ఇద్దత్ అక్కర్లేదని మసీదు పెద్దలు చెప్పారట. అమ్మ వినలేదు. ఆ వానాకాలమంతా గడప దాటలేదు. నాట్లు పడ్డాయి, పంటకాలవలు నిండాయి, నా కొట్టులో రంగులు అమ్ముడుపోక డబ్బాల మీద డబ్బాలు పేరుకున్నాయి. ఆగస్టులో ఒకరోజు నన్నే సాహెబు గారు గ్యాస్ కనెక్షన్ ఫారం తెచ్చి నా కౌంటరు మీద పెట్టుకుని నింపారు. తండ్రి పేరు దగ్గర ఆగారు. నా పెన్ను తీసుకుని లేట్ అని రాసి, సిరా ఆరేదాకా ఊదారు. నేను ఆయనకు టీ తెప్పించాను.

అక్టోబరు మొదట్లో ఆయన కబురు చేశారు. గడువు తీరింది, అమ్మ తెనాలి వస్తానంటోంది, మిమ్మల్ని రమ్మంటోంది, రైలుకు కాదు, బస్సుకు.

రేపల్లె బస్టాండులో అమ్మ ముందు సీట్లో, డ్రైవరు వెనకే కూర్చుంది. మెడ బోసిగా ఉంది. తెల్లచీర కొంగు తలమీదికి లాక్కుని, డ్రైవరు వీపుకేసి, అతని చేతులకేసి, గేరు రాడ్డుకేసి చూస్తోంది. నన్నే సాహెబు గారు కిటికీ పక్కన కూర్చుని ఏమీ చూడటం లేదు. భట్టిప్రోలు దాటింది. వేమూరు దగ్గర వరిచేల మధ్య రోడ్డు గుంటలు పడి, బస్సు నడుస్తున్నట్టు పోతోంది.

చెవుడున్నవాళ్ళ గొంతు పెద్దది. నాకు పోటీ ఆ రోజే తెలిసింది.

"ఏం అబ్బాయ్, అంత భయమేంటి? ఇదే రోడ్డు మీద మా ఆయన బస్సు తోలేవాడు. ఈపాటికి తెనాలిలో దింపేసేవాడు."

బస్సంతా నవ్వింది. డ్రైవరు అద్దంలోంచి చూశాడు. "ఏ డిపో మామ్మగారూ? ఇప్పుడెక్కడున్నారు?"

నన్నే సాహెబు గారు తల తిప్పి తల్లి వైపు చూశారు.

"పోయాడు నాయనా, సింగపూర్లో. మట్టి ఇచ్చాం" అంది అమ్మ. "నువ్వు ముందుకు చూసి తోలు."